మార్పులు చేసిన కార్లకు కాలిఫోర్నియా స్మాగ్ తనిఖీ

స్మాగ్ చెక్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాలో మోటారు వాహనాలు విడుదల చేసే కాలుష్యాన్ని తనిఖీ చేసే ప్రభుత్వ కార్యక్రమము. ఇది 1984లో ప్రారంభమైనది. రాష్ట్రంలో రిజిస్టరైన పెట్రోలు కార్లలో అధిక భాగము రెండు సంవత్సరాలకు ఒకసారి ఈ తనిఖీలో ఉత్తీర్ణము కావలసి ఉంటుంది. లేనిచో రిజిస్ట్రేషను కొనసాగదు, కారు రోడ్డు మీదకు రావడానికి వీలుండదు. కంపెనీ నుండి వచ్చిన రూపంలోనే ఉన్న కారుకు ఇది కొద్దిసేపటి పని. వేగము కోసము, శక్తి కోసము ఇంజనులో మార్పులు చేయించుకున్న కార్ల సంగతి వేరు. పొగగొట్టము నుండి వచ్చే వాయువులు శుభ్రముగా ఉన్నప్పటికీ, బానెట్ క్రింద ఉన్న ఒక్క భాగానికి ప్రభుత్వ అనుమతి సంఖ్య లేకపోయినా అటువంటి కారు తప్పుతుంది. ఈ వ్యాసము ముఖ్యముగా అటువంటి కార్లకు వర్తించే నియమాలను గురించినది.

నేపథ్యము

"స్మాగ్" అనే మాట పొగ, మంచు అను అర్థాలు గల రెండు ఆంగ్ల పదాల కలయిక. 1943 జూలై 26న లాస్ ఏంజలెస్ నగరాన్ని దట్టమైన పొగ కమ్మివేసినది. జనానికి కళ్ళు మండాయి, గొంతులు రేగాయి. రెండవ ప్రపంచ యుద్ధము జరుగుతున్న కాలము కావడముతో శత్రువులు విషవాయువు ప్రయోగించారేమో అని కొందరు భయపడ్డారు. నగరములోని ఒక కృత్రిమ రబ్బరు కర్మాగారాన్ని తొలుత అనుమానించారు గానీ, అది మూతపడిన తరువాత కూడా పొగ తగ్గలేదు.

అసలు కారణాన్ని 1950ల ఆరంభములో ఆరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త వివరించాడు. నెదర్లాండ్స్‌లో జన్మించిన ఈయన కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జీవరసాయన శాస్త్రవేత్త. అంతకుముందు ఈయన పరిశోధించిన విషయాలలో అనాసపండు వాసన ఒకటి! కార్ల నుండి, చమురు శుద్ధి కర్మాగారాల నుండి వెలువడే హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులు సూర్యరశ్మిలో ఒకదానితో ఒకటి చర్య జరిపి ఓజోను వాయువును ఏర్పరుస్తాయని ఈయన చూపాడు. లాస్ ఏంజలెస్ మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రము ఉన్న పళ్ళెము వంటి ప్రదేశము. పైన వెచ్చని గాలి మూతలా నిలిచినపుడు క్రింది పొగ బయటకు పోలేదు.

1966లో కాలిఫోర్నియా అమెరికాలోనే మొదటిసారిగా పొగగొట్టము వాయువులకు పరిమితులు విధించినది. 1967లో గవర్నరు రోనాల్డ్ రీగన్ సంతకము చేసిన చట్టము ద్వారా వాయు వనరుల మండలి ఏర్పడినది. దీనిని ఆంగ్ల పొడి అక్షరాలతో "కార్బ్" అని పిలుస్తారు. హాగెన్-స్మిట్ దీనికి మొదటి అధ్యక్షుడు. కొత్త కార్లకు ప్రమాణాలు నిర్ణయించేది, విడి భాగాలకు అనుమతి ఇచ్చేది ఈ మండలి. తనిఖీ కేంద్రాలకు, తనిఖీదారులకు లైసెన్సులు ఇచ్చి కార్యక్రమాన్ని నడిపేది మాత్రము బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ (బి.ఏ.ఆర్.) అనే వేరొక ప్రభుత్వ శాఖ. రిజిస్ట్రేషను మోటారు వాహనాల శాఖ చేతిలో ఉన్నది. ఈ మూడింటి పాత్రలను కలిపివేసి ఒకరు ఇవ్వవలసిన అనుమతి కోసము మరొకరి వద్దకు వెళ్ళడము తరచుగా జరుగుతూ ఉంటుంది.

వర్తించే వాహనాలు

1976 మరియు ఆ తరువాతి మోడలు పెట్రోలు వాహనాలకు ఈ తనిఖీ వర్తిస్తుంది. 1975 మరియు అంతకు పూర్వపు మోడళ్ళకు మినహాయింపు ఉన్నది. డీజిలు వాహనాలలో 1998 తరువాతివి, 14,000 పౌండ్ల లోపు స్థూల బరువు గలవి ఇందులోకి వస్తాయి. విద్యుత్ కార్లకు, మోటారు సైకిళ్ళకు తనిఖీ లేదు. హైబ్రిడ్ కార్లకు ఉన్నది. కొత్త కార్లు మొదటి ఎనిమిది మోడలు సంవత్సరాలు తనిఖీకి బదులుగా ఒక రుసుము చెల్లిస్తే సరిపోతుంది. ఈ గడువు 2019కి ముందు ఆరు సంవత్సరాలుగా ఉండేది.

పాత కారు చేతులు మారునపుడు కూడా ధ్రువపత్రము అవసరము. కారు నాలుగు మోడలు సంవత్సరాల లోపుదైతే ఈ నియమము వర్తించదు. ధ్రువపత్రము ఇవ్వవలసిన బాధ్యత చట్టరీత్యా అమ్మేవానిది. ఇది 90 రోజులు చెల్లుతుంది. చదువు కోసము, ఉద్యోగము కోసము కాలిఫోర్నియా చేరి మొదటి కారును పాతదిగా కొనుక్కునే తెలుగువారు గుర్తుంచుకోవలసిన విషయము ఇదే. "స్మాగ్ నువ్వే చేయించుకో, ధర తగ్గిస్తాను" అని అమ్మే కారులో తరచుగా అనుమతి లేని భాగమో, లోపించిన కన్వర్టరో ఉంటుంది. దానిని సరిచేయించే ఖర్చు తగ్గించిన ధరను మించిపోవచ్చును.

తనిఖీ విధానము

తనిఖీ పద్ధతి కారు వయస్సును బట్టి మారుతుంది. 1999 మరియు అంతకు ముందటి పెట్రోలు కార్లకు పొగగొట్టములో గొట్టము పెట్టి వాయువులను కొలుస్తారు. కాలుష్యము ఎక్కువగా ఉన్న నగర ప్రాంతాలలో కారు చక్రాలను డైనమోమీటరు అనే రోలర్ల మీద ఉంచి గంటకు 15 మైళ్ళు (సుమారు 24 కి.మీ.), 25 మైళ్ళు (సుమారు 40 కి.మీ.) వేగాలతో, భారము మోపి నడుపుతారు. ఈ రెండు వేగాలలోనూ హైడ్రోకార్బనులు, కార్బన్ మోనాక్సైడు, నత్రజని ఆక్సైడులు పరిమితి లోపల ఉండవలెను. కాలుష్యము తక్కువగా ఉన్న ప్రాంతాలలో కారును నిలిపి ఉంచి, ఇంజనును రెండు వేగాలలో తిప్పి కొలిస్తే చాలు.

2000 తరువాతి పెట్రోలు కార్లకు వాయువుల కొలత లేదు. 1996 మోడలు నుండి అమెరికాలోని కార్లన్నిటిలో ఓ.బి.డి.-2 అనే స్వయం పరిశీలక వ్యవస్థ ఉన్నది. ఇంజను కంప్యూటరు తన సెన్సారులను, కన్వర్టరును, ఇంధన ఆవిరి వ్యవస్థను తానే పరీక్షించుకుని, లోపము కనిపిస్తే డాష్‌బోర్డు మీద "చెక్ ఇంజన్" దీపము వెలిగిస్తుంది. 2015 మార్చి నుండి 2000 తరువాతి కార్లకు స్టీరింగు క్రింద ఉన్న సాకెట్టుకు తనిఖీ యంత్రాన్ని తగిలించి ఈ సమాచారాన్నే చదువుతున్నారు.

దీపము వెలగకపోవడము ఒక్కటే సరిపోదు. కంప్యూటరు తన పరీక్షలన్నిటినీ పూర్తి చేసి ఉండవలెను. బ్యాటరీ తీసి పెట్టినా, లోపాల సంకేతాలను చెరిపివేసినా ఈ పరీక్షలు "అసంపూర్తి" స్థితికి వెళతాయి. 2000 తరువాతి పెట్రోలు కార్లలో ఇంధన ఆవిరి పరీక్ష ఒక్కటి మాత్రమే అసంపూర్తిగా ఉండవచ్చును. 1996 నుండి 1999 వరకు గల కార్లలో ఏదైనా ఒకటి ఉండవచ్చును. అందువలన తనిఖీకి ముందు రోజు రాత్రి సంకేతాలను చెరిపివేసి ఉదయమే కేంద్రానికి వెళ్ళే ఉపాయము పనిచేయదు. ఆ కారును చల్లని ఇంజనుతో మొదలుపెట్టి, నగరములోనూ రహదారి మీదా కొన్ని రోజుల పాటు మామూలుగా నడపవలసి ఉంటుంది. 2019 జూలై నుండి 2010 తరువాతి మోడళ్ళలో, చెరపడానికి వీలులేని శాశ్వత సంకేతాలను కూడా చూస్తున్నారు.

ఏ వయస్సు కారుకైనా కంటితో చేసే పరిశీలన తప్పదు. బానెట్ లోపల అతికించిన కాలుష్య నియంత్రణ పట్టీలో ఆ ఇంజనుకు కంపెనీ అమర్చిన పరికరాల వివరాలు ముద్రించబడి ఉంటాయి. తనిఖీదారు దానిని చూసుకుంటూ ఒక్కొక్క పరికరము స్థానములో ఉన్నదా, గొట్టాలు ఊడి ఉన్నాయా, కంపెనీది కాని భాగము ఏదైనా ఉన్నదా అని పరిశీలిస్తాడు. పాత కార్లలో పెట్రోలు ట్యాంకు మూతను, ఇగ్నిషన్ టైమింగును కూడా పరీక్షిస్తారు. మార్పులు చేసిన కార్లు ఎక్కువగా చిక్కుకొనేది ఈ కంటి పరిశీలనలోనే.

మార్పుల వలన కాలుష్యము పెరిగే విధము

పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన 1 పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళు గాలి కావలెను. కెటాలిటిక్ కన్వర్టరు మూడు రకాల కాలుష్య వాయువులను ఒకేసారి శుద్ధి చేయగలిగేది మిశ్రమము ఈ నిష్పత్తికి అతి దగ్గరగా ఉన్నప్పుడే. ఆక్సిజన్ సెన్సారు సెకనుకు పలుమార్లు చెప్పే సమాచారాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలును హెచ్చుతగ్గులు చేస్తూ నిష్పత్తిని నిలబెడుతుంది.

శక్తిని పెంచే మార్పులలో అనేకము ఈ సమతూకాన్నే కదిలిస్తాయి. పెట్రోలు ఎక్కువైతే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బనులు పెరుగుతాయి. బాగా తక్కువైతే సిలిండరులో మంట తప్పి, మండని పెట్రోలు నేరుగా బయటకు వస్తుంది. ఇగ్నిషన్ టైమింగును ముందుకు జరిపితే శక్తి పెరగవచ్చును గానీ దహన ఉష్ణోగ్రత కూడా పెరిగి, గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కలిసి నత్రజని ఆక్సైడులు ఎక్కువ అవుతాయి. ఈ ఉష్ణోగ్రతను తగ్గించడానికే కొంత పొగను తిరిగి ఇంజనులోకి పంపే ఇ.జి.ఆర్. అనే కవాటము ఉంటుంది. పందెపు కార్ల అభిమానులు మొదట తీసి పారవేసే వాటిలో ఇది ఒకటి. పందెపు క్యామ్‌షాఫ్టులు పొగ, గాలి కవాటాలను ఎక్కువ సేపు ఒకేసారి తెరిచి ఉంచుతాయి. ఇంజను వేగముగా తిరిగేటపుడు దీనివలన లాభమే. నెమ్మదిగా తిరిగేటపుడు మాత్రము పచ్చి పెట్రోలు ఆవిరి మండకుండానే పొగగొట్టములోకి జారిపోతుంది. తనిఖీలో కొలిచేది ఈ నెమ్మది వేగాలలోనే కావడము ఇటువంటి కార్లకు పెద్ద చిక్కు.

కన్వర్టరునే తీసివేసి ఖాళీ గొట్టము బిగించిన కారు సంగతి చెప్పనవసరము లేదు. కన్వర్టరుకు వెనుక ఉండే రెండవ సెన్సారు ఆ లోటును గుర్తించి P0420 అనే సంకేతాన్ని నమోదు చేస్తుంది.

చట్టము, అనుమతి సంఖ్య

కాలిఫోర్నియా వాహన స్మృతిలోని 27156వ సెక్షను ప్రకారము కాలుష్య నియంత్రణ వ్యవస్థ పనితీరును మార్చే భాగాన్ని అమర్చరాదు, అమ్మరాదు, ప్రకటనలలో చూపరాదు. అయితే ఒక భాగము వలన కాలుష్యము పరిమితులను మించదని తయారీదారు పరీక్షల ద్వారా నిరూపించిన పక్షములో వాయు వనరుల మండలి దానికి మినహాయింపు ఇస్తుంది. ఈ మినహాయింపు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (కార్యనిర్వాహక ఉత్తర్వు) రూపములో వస్తుంది. వాడుకలో దీనిని "ఈ.ఓ. నంబరు" అంటారు. సాధారణముగా ఇది D అక్షరముతో మొదలవుతుంది. ఈ సంఖ్య గల పట్టీని ఇంజను గదిలో కనిపించే చోట అతికించవలెను.

ఉత్తర్వు ఉన్నంత మాత్రాన ఆ భాగము అన్ని కార్లకూ పనికిరాదు. ఏ కంపెనీ, ఏ మోడలు, ఏ సంవత్సరము, ఏ ఇంజను అన్నది ఉత్తర్వులోనే ఉంటుంది. 2005 కారుకు అనుమతి పొందిన గాలి గొట్టము చూడటానికి అచ్చముగా అలాగే ఉన్న 2007 కారులో బిగిస్తే, జాబితాలో 2007 లేనిచో తనిఖీలో తప్పుతుంది. పట్టీ చిరిగిపోతే తయారీదారు నుండి మరొకటి తెప్పించుకోవచ్చును. ఉత్తర్వుల ప్రతులు మండలి వద్ద అందరికీ అందుబాటులో ఉన్నాయి కావున కొనడానికి ముందే సరిచూసుకోవడము ఉత్తమము. పెట్టె మీద "పందెములకు మాత్రమే" లేదా "రోడ్డు బయట వాడకానికి మాత్రమే" అని ముద్రించి ఉన్న భాగానికి ఈ సంఖ్య ఉండదు. 2014లో మోటారు విడి భాగాల పరిశ్రమ సంఘమైన సెమా, లాస్ ఏంజలెస్ సమీపములోని డైమండ్ బార్‌లో ఒక పరీక్షశాలను తెరిచి, చిన్న తయారీదారులు ఈ పరీక్షలను చేయించుకునే వీలు కల్పించినది.

అన్ని మార్పులకూ అనుమతి అవసరము లేదు. చక్రాలు, బ్రేకులు, సస్పెన్షను కాలుష్యానికి సంబంధించినవి కావు. కన్వర్టరుకు వెనుక ఉండే పొగగొట్టము, సైలెన్సరు మార్చినా స్మాగ్ తనిఖీకి ఇబ్బంది లేదు. శబ్దానికి వేరే చట్టము ఉన్నది. కంపెనీ పెట్టెలోనే ఇమిడే ఎయిర్ ఫిల్టరు కూడా బదులు భాగము క్రిందకే వస్తుంది. ఆ పెట్టెను తీసివేసి అమర్చే గాలి గొట్టాలకు, ఎగ్జాస్ట్ హెడర్లకు, టర్బోచార్జరు, సూపర్‌చార్జరు కిట్లకు ఉత్తర్వు ఉండి తీరవలెను. కన్వర్టరు విషయములో నియమాలు మరీ కఠినమైనవి. బయటి కంపెనీల కన్వర్టర్లకు 2009 జనవరి నుండి కొత్త ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. వాటి మీద ఉత్తర్వు సంఖ్య చెక్కి ఉండవలెను. ఇతర రాష్ట్రాలలో చవకగా దొరికే కన్వర్టరును తెచ్చి బిగిస్తే, అది చక్కగా పనిచేస్తున్నప్పటికీ, ఇక్కడ చెల్లదు.

సాఫ్ట్‌వేరు మార్పులు

2000 తరువాతి కార్లలో శక్తిని పెంచడానికి అతి సులువైన మార్గము ఇంజను కంప్యూటరులోని ప్రోగ్రామును మార్చడము. దీనిని "ట్యూన్" అంటారు. బానెట్ ఎత్తి చూస్తే దీని జాడ ఏమీ కనిపించదు. వెనుక సెన్సారు పరీక్షను ప్రోగ్రాములోనే ఆపివేసి, కన్వర్టరు లేని కారును కూడా తనిఖీలో దాటించే వీలు దీనివలన చాలా కాలము ఉండేది.

2021 జూలై 19 నుండి బి.ఏ.ఆర్. ఈ మార్గాన్ని మూసివేసినది. ప్రతి ప్రోగ్రాముకు ఒక గుర్తింపు సంఖ్య, దానిలోని అంకెలన్నిటి నుండి లెక్కించిన ఒక సరిచూపు సంఖ్య ఉంటాయి. తనిఖీ యంత్రము ఈ రెండింటినీ చదువుతుంది. అవి కార్ల కంపెనీ ఇచ్చినవి గానీ, మండలి ఉత్తర్వు పొందినవి గానీ కాని పక్షములో కారు తప్పుతుంది. అటువంటి యజమాని కంపెనీ ప్రోగ్రామును తిరిగి ఎక్కించి, కొన్ని రోజులు కారును నడిపి, పరీక్షలన్నీ పూర్తి అయిన తరువాత మరల రావలసి ఉంటుంది. తన కారులో మార్చిన ప్రోగ్రాము ఉన్నదని పాత కారు కొన్నవారికి మొదటిసారి తెలిసేది ఒక్కొక్కసారి తనిఖీ కేంద్రములోనే.

ఇంజను మార్పిడి, రిఫరీ

కారులో వేరొక ఇంజను బిగించడము కాలిఫోర్నియాలో చట్టబద్ధమే. షరతులు ఇవి: కొత్తగా పెట్టే ఇంజను కారు మోడలు సంవత్సరానిదే గానీ అంతకన్నా తరువాతిది గానీ కావలెను. అది అదే తరగతి వాహనానిది కావలెను. భారీ లారీ ఇంజనును కారులో పెట్టరాదు. కాలిఫోర్నియా ప్రమాణాలకు ధ్రువీకరించిన కారులో ఆ ప్రమాణాల ఇంజనే ఉండవలెను. అన్నిటికన్నా కష్టమైన షరతు మరొకటి ఉన్నది. దాత కారులో ఆ ఇంజనుతో పాటు ఉన్న కన్వర్టర్లు, సెన్సార్లు, కంప్యూటరు తదితర కాలుష్య నియంత్రణ సామగ్రి యావత్తూ వెంట రావలెను. రెండు వ్యవస్థల నుండి నచ్చిన భాగాలను ఏరి కలపడానికి వీలులేదు. కావున అనుభవజ్ఞులు ఇంజనును ఒక్కదానినే కొనకుండా, ప్రమాదములో దెబ్బతిన్న దాత కారును మొత్తముగా కొంటారు.

హోండా సివిక్ కారులో ఇంటెగ్రా ఇంజను పెట్టడము ఇటువంటి మార్పిడులలో ప్రసిద్ధమైనది. జపాను దేశపు వాడకము కోసము తయారై దిగుమతి అయిన ఇంజనులు చవక గానీ, అవి అమెరికాలో ధ్రువీకరణ పొందిన ఇంజనుతో సమానమైనవి కానిచో అంగీకరించబడవు. జనరల్ మోటార్స్ కంపెనీ ఈ చిక్కును గమనించి, కంప్యూటరు, కన్వర్టర్లతో సహా ఒకే ఉత్తర్వు క్రింద అనుమతి పొందిన "ఈ-రాడ్" అనే ఇంజను సెట్లను పాత కార్ల కోసము విడుదల చేసినది.

ఇంజను మార్చిన కారును మామూలు కేంద్రము ఆమోదించజాలదు. దానిని స్మాగ్ చెక్ రిఫరీ వద్దకు తీసుకుపోవలెను. రిఫరీ కేంద్రాలు ఎక్కువగా కమ్యూనిటీ కళాశాలలలో ఉన్నాయి. ముందుగా సమయము తీసుకుని వెళితే, రిఫరీ ఇంజను సంఖ్యను, సామగ్రిని దాత కారు వివరాలతో సరిపోల్చి, అన్నీ సరిగా ఉంటే తలుపు చట్రము వద్ద ఒక పట్టీ అతికిస్తాడు. అటుపై ఆ కారును ఏ కేంద్రమైనా ఆ పట్టీ ప్రకారము తనిఖీ చేయవచ్చును. 27156వ సెక్షను క్రింద పోలీసులు పట్టుకున్న కార్లు కూడా తరచుగా రిఫరీ వద్దకే చేరతాయి. రిఫరీ అనగానే భయపడేవారు ఉన్నారు గానీ, నిజానికి సక్రమముగా మార్పులు చేసినవారికి అతడిచ్చే పట్టీ ఒక రక్షణ.

ఇంటివద్ద కిట్ల నుండి నిర్మించుకున్న కార్లకు 2001 నాటి ఒక చట్టము వేరే దారి చూపినది. సంవత్సరానికి 500 వాహనాలకు మించకుండా, ఆ కారు ఆకారము లేదా ఇంజను ఏ సంవత్సరాన్ని పోలి ఉంటే ఆ సంవత్సరపు నియమాలే వర్తిస్తాయి. 1960ల నాటి షెల్బీ కోబ్రా నమూనా కార్లు ఎక్కువగా ఈ దారిన రిజిస్టరు అవుతాయి.

అక్రమ మార్గాలు

తనిఖీని మోసముతో దాటించే పద్ధతులు కూడా ఉన్నాయి. ఒక కారుకు బదులుగా మరొక శుభ్రమైన కారు పొగను కొలిచి ధ్రువపత్రము ఇవ్వడాన్ని "క్లీన్ పైపింగ్" అంటారు. సాకెట్టు తనిఖీలు వచ్చిన తరువాత వేరొక కారుకు గానీ, నకిలీ పరికరానికి గానీ యంత్రాన్ని తగిలించే "క్లీన్ ప్లగ్గింగ్" మొదలైనది. ప్రతి తనిఖీ సమాచారము బి.ఏ.ఆర్. కంప్యూటర్లకు చేరుతుంది కావున పొంతన లేని సంఖ్యలను గుర్తించి కేంద్రాల లైసెన్సులు రద్దు చేస్తున్నారు, నేరారోపణలు కూడా చేస్తున్నారు.

కాలుష్య నియంత్రణ సామగ్రిని తొలగించడము కాలిఫోర్నియాలోనే గాక దేశమంతటా కేంద్ర స్వచ్ఛ వాయు చట్టము క్రింద నిషిద్ధము. పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో వేసిన అంచనా ప్రకారము అంతకు ముందు పదేళ్ళలో 5,50,000కు పైగా డీజిలు పికప్ ట్రక్కులలో ఈ సామగ్రిని తొలగించారు. వాటి వలన అదనముగా వెలువడే నత్రజని ఆక్సైడులు, ఆ వాహనాల జీవితకాలములో, 5,70,000 టన్నులకు పైబడతాయి.

విమర్శలు

కార్ల అభిమానుల ప్రధాన ఆక్షేపణ కంటి పరిశీలన మీదనే. కొలతలో వాయువులు పరిమితిలో సగము కూడా లేని పాత కారు, అనుమతి లేని ఒక గాలి గొట్టము వలన తప్పడము అన్యాయమని వారి వాదన. దీనిలో కొంత న్యాయము లేకపోలేదు. అయితే తనిఖీలో కొలిచేది కొద్ది నిమిషాలు, రెండు వేగాలు మాత్రమే. కారు ఎత్తు ఎక్కేటపుడు, వేగము పుంజుకునేటపుడు, చల్లని ఇంజనుతో మొదలయ్యేటపుడు ఏమి వదులుతుందో ఆ కొలత చెప్పదు. భాగాలను పరిశీలించడము ఈ లోటును పూరించడానికే. చిన్న తయారీదారులకు పరీక్షల ఖర్చు భారము కావడము, అరుదైన కార్లకు అనుమతి గల భాగాలే లేకపోవడము మాత్రము నిజమైన ఇబ్బందులు. 1980లు, 1990ల నాటి కార్లను చట్టబద్ధముగా ఉంచాలనుకునేవారికి కంపెనీ తయారీ ఆపివేసిన ఒక చిన్న కవాటము కోసము పాత సామాన్ల యార్డులన్నీ గాలించవలసి వస్తుంది.

పాత కార్ల మినహాయింపు మరొక వివాదము. ఒకప్పుడు 30 ఏళ్ళు దాటిన కారుకు మినహాయింపు ఏటేటా ముందుకు జరిగేది. 2004లో చేసిన చట్టము దానిని 1975 మోడలు వద్ద నిలిపివేసినది. 35 ఏళ్ళు దాటి, సేకరణ కారుగా బీమా చేయబడిన వాహనాలకు కంటి పరిశీలన నుండి సడలింపు ఉన్నది గానీ, పొగ పరీక్షలో ఉత్తీర్ణము కావలెను. 35 ఏళ్ళు దాటిన సేకరణ కార్లకు పూర్తి మినహాయింపు కోరుతూ 2025లో ఒక బిల్లు రాష్ట్ర శాసనసభ ముందుకు వచ్చినది. పాత కార్ల సేకరణకు పేరుపొందిన హాస్యనటుడు జే లెనో పేరు మీదుగా "లెనో చట్టము" అని పిలువబడిన ఈ బిల్లు ఆ సంవత్సరమే కమిటీ దశలో ఆగిపోయినది.

భారతదేశముతో పోలిక

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా భారతదేశమంతటా అమలులో ఉన్న కాలుష్య ధ్రువపత్రము (పి.యు.సి.) 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారము జారీ అవుతుంది. పెట్రోలు బంకుల వద్ద పెట్రోలు కారును నిలిపి ఉంచి పొగను కొలవడమే దీనిలోని ప్రధాన భాగము. అదనపు భాగాలను ఒక్కొక్కటిగా సరిచూసే పద్ధతి, ఈ.ఓ. నంబరు వంటి ఏర్పాటు దీనిలో లేవు. వాహనములో మార్పులను 1988 నాటి మోటారు వాహనాల చట్టములోని 52వ సెక్షను వేరుగా నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నముగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది.